దొరికినవాడే అడిగినవాడు

సరుగుడుపేట బాలికల హైస్కూలుకి లెక్కల మాస్టారు కావాలని హెడ్‌మిస్ట్రెస్ శేషారత్నం ఆగస్టు నుంచి రాసిన ఉత్తరాలు పదకొండు. పదింటికి జవాబు రాలేదు. పదకొండోదానికి జవాబు వచ్చింది గానీ, జవాబులో అక్షరాలు రాలేదు. పైనుంచి కిందిదాకా చిన్న చిన్న ఖాళీ గళ్ళు, గడి పక్కన గడి, మూడు పేరాలు. పైన తారీఖు మాత్రం అంకెల్లో శుభ్రంగా ఉంది. అడుగున సూపరింటెండెంటు నరసింగంగారి సంతకం ఎప్పటిలాగే ఎండలో పడ్డ వానపాములా ఉంది. పదో తరగతి పిల్లలు అది చూసి గళ్ళనుడికట్టు అనుకుని పెన్సిళ్ళు తెచ్చుకున్నారు.

శేషారత్నానికి నవ్వు రాలేదు. పదో తరగతిలో నలభై ఒక్క మంది ఆడపిల్లలు. లెక్కల మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయి మూడు నెలలు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఆ సముద్రపొడ్డు ఊళ్ళో ఆడపిల్ల ఒక్కసారి లెక్క తప్పితే మళ్ళీ లెక్కలోకి రాదు. రొయ్యల షెడ్డువాళ్ళ వ్యాను పొద్దున్నే వచ్చి ఎక్కించుకుపోతుంది. తలకెక్కాల్సిన చదువు పోయి, రొయ్యల తలలు వొలిచే పని మిగులుతుంది.

ఆవిడ గళ్ళ ఉత్తరం సంచిలో పెట్టుకుని బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళింది. ఆ ఆఫీసు పేరు మాధ్యమిక విద్యా సర్దుబాటు సంచాలకత్వం. సర్దుబాటు బోర్డు మీద ఉంటుంది, పోటు లోపల ఉంటుంది.

నరసింగంగారు ఉత్తరాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పదకొండేళ్ళుగా ఆ కుర్చీలో ఉన్న మనిషి. కుర్చీ ఆయన్ని మోస్తోందో ఆయన కుర్చీని మోస్తున్నాడో చెప్పడం కష్టం.

"ఇందులో ఏముందండీ?" అని అడిగింది శేషారత్నం.

"ఏముందో మాకూ తెలీదు మేడమ్. కానీ దీనికి ఏడు రోజుల్లో మీరు జవాబివ్వాలి."

సంతకం పెట్టేముందు చదవలేదా అంటే, చదివి సంతకం పెట్టడం తన హోదాకి తగిన పని కాదనీ, సంతకం కింద గీత ఉందో లేదో చూడడమే తన బాధ్యతనీ వివరించాడు. అసలు సంగతేమిటంటే, ఆఫీసు కంప్యూటర్లన్నీ కిందటి వారమే లైనక్స్ అనే కొత్త వ్యవస్థలోకి మారాయి. మార్పుతో పాటు సంచాలకులు విరూపాక్షరావుగారు ఒక ఉత్త ఉత్తర్వు కూడా వదిలారు. ఫాంట్లకి, అంటే కంప్యూటరు అక్షరాల అచ్చులకి, మనుషుల పేర్లూ ఊళ్ళ పేర్లూ ఉండడం వల్ల సిబ్బందిలో వర్గాలు పుడుతున్నాయి గనక, ఇకమీదట ఎవరూ ఏ ఫాంటునూ పేరు పెట్టి పిలవకూడదట. సెరిఫ్, సాన్స్ సెరిఫ్, మోనోస్పేస్ అనే మూడు సామాన్య నామాలే వాడాలి. గుమాస్తాలు సెరిఫ్‌ని షెరీఫ్ అనుకుని రెండ్రోజులు భయపడ్డారు కూడా.

ఆ వేళ సంచాలకులవారి గదిలో ఈ సామాన్య నామాలు ఎలా పని చేస్తాయో చూపిస్తున్నారంటే, శేషారత్నం కూడా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుంది. చూపిస్తున్నది మెహరున్నీసా, కాంట్రాక్టు మీద వచ్చిన సిస్టమ్స్ ఆవిడ. నలభై దాటిన మనిషి, ఒక్కమాట ఎక్కువ మాట్లాడదు.

సెరిఫ్ అనే పేరుతో ఫాంటేదీ లేదనీ, అది కూర అన్నట్టనీ చెప్పిందావిడ. కూర వడ్డించమంటే ఏ కూరన్నది వంటింట్లో ఒక చీటీ మీద రాసి ఉంటుంది. ముందు వంకాయ, అది లేకపోతే బెండకాయ, అదీ లేకపోతే దొండకాయ. వండినవాటిల్లో చీటీలో ఏది ముందుంటే అది విస్తట్లో పడుతుంది. కంప్యూటరులోనూ అంతే. అక్షరాల కొసల్లో తోకలున్నవి కావాలంటే సెరిఫ్ అంటాం. తోకల్లేనివైతే సాన్స్. అన్నీ ఒకే వెడల్పువైతే మోనో. ఎక్కించి ఉన్న ఫాంట్లలో చీటీ ప్రకారం ముందున్నదాన్ని యంత్రం తెచ్చిస్తుంది.

"చీటీలో రాయని పేరు అడిగితేనో?" అన్నారు విరూపాక్షరావుగారు, యంత్రాన్ని ఇరుకున పెట్టినవాడి చిరునవ్వుతో.

మెహరున్నీసా ఫాంటుని వెతికిపెట్టే ఆజ్ఞ, ఎఫ్‌సి-మ్యాచ్ అని కొట్టి, దాని పక్కన గుమ్మడికాయ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. గుమ్మడికాయ అనే ఫాంటు ప్రపంచంలో ఎక్కడా లేదు. యంత్రం రెప్పపాటులో "డెజావు సాన్స్" అని తన దగ్గరున్న ఇంకో ఫాంటు పేరు జవాబిచ్చింది.

"అంతేనండి. దీనికి లేదు అన్న మాట రాదు. ఏ పేరు అడిగినా ఏదో ఒకటి చేతిలో పెడుతుంది."

విరూపాక్షరావుగారు లేచి నిలబడ్డారు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఇంత క్రమశిక్షణ గల ఉద్యోగిని తాను చూడలేదన్నారు. మనిషి లేదంటాడు, రాదంటాడు, కుదరదంటాడు. అడిగినది లేకపోయినా ఉన్నది ఇచ్చి, ఇచ్చినదే అడిగినదని నమ్మించడం కదా పరిపాలన అన్నారు. ఈలోగా ఫోను మోగింది. ఇంకో సగం ఉంది సార్ అని మెహరున్నీసా అంటూనే ఉంది, ఆయన ఫోనుతో పాటు ఆనందాన్ని కూడా చెవికి ఆనించుకుని వెళ్ళిపోయారు. వెనకాలే గదంతా వెళ్ళిపోయింది.

ఆ రెండో సగం చూసింది శేషారత్నం ఒక్కతే. గుమ్మడికాయ పక్కన మెహరున్నీసా భాష తెలుగు అని ఒక షరతు తగిలించింది. అంతే, డెజావు తప్పుకుంది. దాని స్థానంలో తెలుగు ఫాంటు వచ్చింది.

"పంపేముందు తెలుగు రాయడం వచ్చా అని చూస్తుందండి. అసలు ఏదీ రాయలేకపోతేనే ఆ గళ్ళు పడేది. మొన్నటిదాకా ఇందులో తెలుగు ఫాంటే ఎక్కించలేదు."

యంత్రానికి ఆ మాత్రం ఇంగితం ఉందన్నమాట అనుకుంది శేషారత్నం. మెహరున్నీసా ఆవిడ ఉత్తరాన్ని వెతికి మళ్ళీ అచ్చు తీసి ఇచ్చింది. ఈసారి గళ్ళ బదులు చక్కటి తెలుగు. "మీ ఉత్తరము అందినది. విషయము పరిశీలనలో ఉన్నది" అని మూడు పేరాల్లో ఉంది. ఆలోచిస్తే గళ్ళే నయమనిపించింది.

వారం తిరక్కుండా సామాన్య నామ విధానం బయటికి వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంచాలకత్వ పరిధిలోని సమస్త పదవులును ఇకమీదట సామాన్య నామములుగా పరిగణింపబడును. ఏ పదవి కోరబడినను అందుబాటులో నున్న వ్యక్తిని తక్షణమే జతచేయవలెను. జతపడిన వ్యక్తి కోరబడిన వ్యక్తితో సర్వవిధముల సమానుడు. లేరు, రారు, ఖాళీ అను పదములు కార్యాలయ భాష నుండి తొలగించడమైనది."

అంతవరకూ జిల్లాలో ఖాళీలు ఆరువందల పధ్నాలుగు. సర్క్యులరు మీద ముద్ర పడ్డ సాయంత్రానికి సున్నా. ఒక్క మనిషిని వెయ్యకుండా అన్ని కుర్చీలూ నింపిన ఘనత ఇంతకుముందు దేవుళ్ళక్కూడా లేదు. చీటీ ఎవరు రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, పక్షపాతం లేకుండా వేలిముద్రల మిషన్లో ఎవరు ముందు వేలు పెడితే వారు ముందు అని తేల్చారు. ప్రతిభకి వేలెత్తి చూపించే వీలు లేకుండా పోయింది.

శేషారత్నం మళ్ళీ వెళ్ళింది. ఆవిడ దరఖాస్తులో లెక్కలు అన్న మాట కింద నరసింగం ఎర్ర గీత గీశాడు.

"లెక్కలు అనేది విశేషం మేడమ్. టీచరు అనేది సామాన్యం. సామాన్యం అడగండి, పంపుతాం."

"టీచరనే రాస్తానండి. మరి లెక్కలు ఎవరు చెబుతారు?"

"టీచరు చెబుతారు."

సోమవారం నాటికి టీచరు వచ్చాడు. జోజిబాబు. జిల్లా బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము. మంచి మనిషి. వచ్చీ రాగానే స్టాఫు గదిలో శేషారత్నానికి నమస్కారం పెట్టి, తన పొద్దున్నే లేచే అలవాటే తన కొంప ముంచిందనీ, ఆ వేళ మిషన్లో మొదటి వేలు తనదేననీ చెప్పుకున్నాడు.

"లెక్కలు వచ్చా బాబూ?"

"నాలుగు దాకా వచ్చండి. ఆపైన మళ్ళీ ఒకటి నుంచి."

నెలన్నర పాటు పదో తరగతి పిల్లలు నాలుగు దాకా నేర్చుకున్నారు. ఎడమ కాలూ కుడి కాలూ కూడా నేర్చుకున్నారు. మిగతా జిల్లా సంగతులు బస్సులో వినబడేవి. పక్క మండలంలో హాస్టలు పిల్లలకి జ్వరాలొచ్చి డాక్టరుని అడిగితే పశువుల కాంపౌండరు జతపడ్డాడట. ఆయన ప్రతి పిల్ల పెదవీ పైకెత్తి పళ్ళు చూసి, రెండు పళ్ళదనీ నాలుగు పళ్ళదనీ వయసు రాసి వెళ్ళాడట. ఇంకోచోట వంటమనిషిని అడిగితే భూముల సర్వేయరు వచ్చి పప్పుని కొలిచాడు గానీ ఉడికించలేదు. ఎవరు ఫిర్యాదు చేసినా ఒకటే జవాబు: జత నూటికి నూరు శాతం కుదిరింది.

జనవరిలో జోజిబాబుని గణతంత్ర పరేడుకి లాక్కుపోయారు. పోతూ పోతూ అతను శేషారత్నం దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుని, పిల్లలకి అన్యాయం చేశానమ్మా, ఎవరినైనా లెక్కలొచ్చినవాణ్ణి అడగండమ్మా అన్నాడు. ఆ మొత్తం విధానంలో సిగ్గుపడ్డవాడు అతనొక్కడే.

ఆవిడ మళ్ళీ రాసింది. ఈసారి చీటీలో పేర్లు అయిపోయాయి. టీచర్లు డాక్టర్లుగా, డాక్టర్లు డ్రైవర్లుగా, డ్రైవర్లు లైబ్రేరియన్లుగా జతపడిపోగా వేలున్నవాడెవడూ మిగల్లేదు. లేరు అని రాయడానికి వీల్లేదు. విరూపాక్షరావుగారు కళ్ళు మూసుకుని యంత్రాన్ని స్మరించారు. అక్షరం దొరకనప్పుడు అది చోటు వదలదు కదా, ఒక గడి పెట్టి గౌరవిస్తుంది కదా అన్నారు.

మూడో రోజున సరుగుడుపేటకి ఆటోలో ఒక ప్లైవుడ్ పెట్టె దిగింది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, లోపల ఏమీ లేదు. పైన నల్లరంగుతో టీచరు అని రాసి ఉంది. దానికో సర్వీసు పుస్తకం, దానికో హాజరు పట్టీ. క్లాసులో బోర్డు పక్కన పెట్టమన్నారు, పెట్టారు. పిల్లలు లేచి నిలబడాలన్నారు, నిలబడ్డారు. హాజరు పట్టీలో పెట్టెకి రోజూ టిక్కే, పిల్లలకి రోజూ బేజారు.

ఇరవై ఆరున జిల్లా కేంద్రంలో జెండా ఎగిరాక ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం ఆ పెట్టెకి ఇచ్చారు. సొంత డబ్బా కొట్టుకునే వాళ్ళని సన్మానించడం మామూలే. డబ్బాకే సన్మానం చెయ్యడం అదే మొదలు. శాలువా జారిపోతుంటే నాలుగు మూలలా మేకులు కొట్టారు. ఒక్క సెలవు పెట్టలేదనీ, ఒక్కసారి ఆలస్యంగా రాలేదనీ, ఒక్క విద్యార్థినీ తిట్టలేదనీ సంచాలకులవారు పొగిడారు. మౌనమే గొప్ప బోధన అని కూడా అన్నారు. అన్నది మాత్రం నలభై నిమిషాల సేపు అన్నారు.

జనంలో కూర్చున్న శేషారత్నం చప్పట్లు కొట్టలేదు. పరీక్షలకి ఇంక ఎన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పాతికేళ్ళ సర్వీసులో ఆవిడ ఎవరి మీదా అరిచి ఎరగదు. ఆ వేళ పెట్టెని ఆటోలోకి ఎక్కిస్తున్నవాళ్ళు కొంచెం మెల్లిగా, మాస్టారికి దెబ్బ తగులుతుంది అని ఒకరినొకరు హెచ్చరించుకుంటుంటే, అరవాలనిపించింది.

ఫిబ్రవరి మొదటి వారంలో మరో దరఖాస్తుతో వెళ్ళేసరికి ఆఫీసు అదిరిపోతోంది. ఖాళీలు సున్నా చేసినందుకు రాజధానిలో ప్రశంసాపత్రం అందుకోవడానికి సంచాలకులు వెళ్ళారు. అదే ప్రశంసని నిర్ధారించుకోవడానికి రాజధాని నుంచి తనిఖీ బృందం ఇక్కడికి బయల్దేరింది. రెండూ ఒకే రోజు. సంచాలకుల కుర్చీలో మనిషి లేడు. లేడు అనకూడదు.

నరసింగం వేలిముద్రల జాబితా పట్టుకుని భవనమంతా తిరిగాడు. ఆయన అప్పటికే సంయుక్త సంచాలకుడు, గిడ్డంగి అధికారి, లైబ్రేరియన్. ఇంకో కుర్చీకి శరీరం చాల్లేదు. మెహరున్నీసా కాంట్రాక్టు గనక ఎక్కించిన సిబ్బంది కింద రాదు. జాబితాలో మిగిలింది ఒక్కటే పేరు. ఆ వేళ పొద్దున సందర్శకులు కూడా వేలు పెట్టాలని గేటు దగ్గర పట్టుబట్టడంతో వేలు పెట్టిన ఎం. శేషారత్నం.

"మేడమ్, దయచేసి లోపలికి రండి. మీరు సంచాలకులు."

"నేనా?"

"జతపడ్డారండి. పదవి పేరు సామాన్యం. మీరు అందుబాటులో ఉన్నారు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి వెళ్ళి కూర్చుంది. తనిఖీ బృందం ముగ్గురు. వచ్చారు, కుర్చీలో మనిషి ఉందని చూశారు, కాఫీ తాగారు, "సంచాలకులు స్వస్థానమున ఉన్నారు, సంతృప్తికరము" అని రాసి సంతకాలు చేశారు. పదిహేను నిమిషాల్లో వెళ్ళిపోయారు. ఇక లేవచ్చు మేడమ్ అన్నాడు నరసింగం. ఆవిడ లేవలేదు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా ఈ జత చెల్లుతుందా అని అడిగింది. విధానం ప్రకారం చెల్లుతుందని ఒప్పుకోక తప్పలేదు. అయితే మెహరున్నీసాగారిని పిలవమంది.

"ఆ రోజు రెండో సగం చూపించారు కదా. అది మనుషులకి పెట్టొచ్చా?"

మెహరున్నీసా మొహం మీద నవ్వు లాంటిది ఒకటి కదిలింది. "చీటీకి ఒక షరతు తగిలించడమే మేడమ్. ఆయన సగం వినే వెళ్ళారు కదండి."

శేషారత్నం సంచాలకుల లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాసింది. ఎవరిని జతచేసినా, అడిగిన పని ఆ మనిషికి వచ్చో రాదో ముందు చూడాలి. పని వచ్చినవాడు జిల్లాలో ఎక్కడున్నా, ఏ పేరుతో ఉన్నా వాడే వెళ్ళాలి. సంతకం పెట్టి, కింద గీత గీసింది. గీత చూసి నరసింగం ముద్ర వేశాడు. చదవలేదు.

మెహరున్నీసా సిబ్బంది రికార్డుల్లో టీచరు అని కొట్టి, పక్కన లెక్కలు అని షరతు పెట్టింది. పంతొమ్మిది పేర్లు వచ్చాయి. శేషారత్నం కళ్ళజోడు సవరించుకుని చదివింది. పంతొమ్మిది మందీ లెక్కల మాస్టార్లే. పంతొమ్మిది మందీ ఆ భవనంలోనే, బడుల నుంచి డెప్యుటేషన్ మీద వచ్చి ఉన్నారు. ఒకాయన క్రోటన్ మొక్కలకి నీళ్ళు పోయిస్తాడు. ఒకాయన ప్రారంభోత్సవాల్లో రిబ్బను రెండో కొస పట్టుకుంటాడు. ఒకాయన సంచాలకుల సంచీ మోస్తాడు. సంచాలకత్వం అన్న పేరుకి న్యాయం చేస్తున్నవాడు ఆయనే. పిల్లలకి పంచాల్సిన లెక్కలన్నీ ఆఫీసులో పంచలు దులుపుకుంటూ కూర్చున్నాయి.

జాబితాలో మొదటి పేరు దగ్గర ఆవిడ ఆగింది. కొప్పినీడి నరసింగం, స్కూల్ అసిస్టెంట్, గణితం. డెప్యుటేషన్ పదకొండేళ్ళు.

"మీరు లెక్కల మాస్టారా?"

నరసింగం చేతిలో ముద్రని బల్ల మీద పెట్టాడు. "ఒకప్పుడండి."

"పదకొండు ఉత్తరాలు రాశాను నరసింగంగారూ. పదకొండూ మీ చేతుల మీదుగానే వెళ్ళాయి."

 ఆయన, తను వెళ్ళిపోతే సూపరింటెండెంటు సీటు అని మొదలుపెట్టి, తర్వాతి మాట నోటిదాకా వచ్చి, మింగేశాడు.

"అవును, ఆ మాట అనకూడదు" అంది శేషారత్నం.

భోజనాల గంట కొట్టేలోగా పంతొమ్మిది ఉత్తర్వులు తయారయ్యాయి. ఆవిడకి చెయ్యి నొప్పి పుట్టింది గానీ ఆగలేదు.

విరూపాక్షరావుగారు ప్రశంసాపత్రంతో తిరిగొచ్చి, పంతొమ్మిది కుర్చీలు చూసి మండిపడ్డారు. ఉత్తర్వులు రద్దు చేస్తామన్నారు. రద్దు చెయ్యాలంటే ఆ వేళ కుర్చీలో కూర్చున్నది సంచాలకులు కాదనాలి. కాదంటే తనిఖీ నివేదిక అబద్ధం. అది అబద్ధమైతే ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించడం కష్టం. ఆయన ఒక పూటంతా ఆలోచించి, షరతుతో కూడిన జత అనే మహత్తర భావన తన మేధస్సులో ఎప్పటినుంచో ఉన్నదేనని ఇంకో సర్క్యులరు వదిలారు. ఆ సర్క్యులరు కాపీ శేషారత్నానికి కూడా వచ్చింది. ఆవిడ చదివి, బీరువాలో పడేసి, క్లాసు వైపు నడిచింది.

పదో తరగతి గదిలో నరసింగం బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. మొదటి రోజు. సుద్దముక్కని రబ్బరు స్టాంపు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొదటి బెంచీలో ఓలేటి నూకరత్నం అనే పిల్ల లేచి, రెండు కుళాయిలు కలిసి తొట్టి నింపే లెక్క, వర్గ సమీకరణాల్లోది, ఎంత చేసినా రావడం లేదని పుస్తకం ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. 

"పరిశీలనలో ఉంది" అన్నాడు.

 నలభై ఒక్క మంది పెన్నులు పట్టుకుని అలాగే చూస్తున్నారు. నూకరత్నం, "అంటే ఎప్పటికండీ? పరీక్ష వచ్చే నెలేనండి" అని అడిగింది. ఎకసెక్కంగా కాదు, తెలుసుకుందామనే.

నరసింగం గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో శేషారత్నం ఉంది. ఆయన మళ్ళీ బోర్డు వైపు తిరిగి, అక్కణ్ణించి పిల్లల వైపు తిరిగాడు.

"నాకు రాదమ్మా" అన్నాడు. "వచ్చేది, మర్చిపోయాను. ఇవాళ కూర్చుని చేసి, రేపు పొద్దున్న చెప్తాను."

మర్నాడు మొదటి బస్సుకే దిగాడు. బెల్లు కొట్టకముందే బోర్డు సగం నింపాడు. నాలుగో వరసలో గుర్తు తప్పు వేస్తే నూకరత్నం లేచి, అక్కడ మైనస్సండీ అంది. ఆయన పంచె అంచుతో తుడిచేసి మైనస్సు పెట్టాడు. అక్కణ్ణించి లెక్క గబగబా కిందికి దిగి, పుస్తకం వెనక ఉన్న జవాబు దగ్గరే ఆగింది.  నలభై ఒక్క పెన్నులు కాగితాల మీద గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. పుస్తకంలోకి ఎక్కించుకోవడం పూర్తి చేసి ముందుగా తలెత్తింది నూకరత్నమే.

"తర్వాతదండి" అంది.